గాలి, వాన, మంచు, జట్టు: సైకిల్ రేసుల చరిత్ర మన ఆషాఢం రైడ్‌కు చెప్పేది



మొన్నటి సమావేశంలో సగంలో ఆగిపోయిన చర్చ గురించే ఈ పోస్టు. కొంచెం పొడుగే, తీరిక చూసుకుని చదవండి. చదివాక మీ మాట కింద రాయండి.

ఆ రోజు రానివాళ్ళ కోసం ముందు సంగతి చెబుతాం. పోయిన ఏడాది ఆషాఢంలో మనం అరకేర నుంచి దేవదుర్గ వైపు సైకిళ్ళ మీద బయలుదేరాం. పొద్దున వెళ్ళేటప్పుడు ఇబ్బంది లేదు. నవ్వుకుంటూ, పాటలు పెట్టుకుంటూ వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు పడమటి గాలి లేచింది. రోడ్డు వంపు తిరిగిన చోటల్లా ఆ గాలి ఒకసారి ముఖానికి, ఒకసారి పక్కటెముకలకు కొట్టింది. ఆ పైన వాన. బలం ఉన్నవాళ్ళం తొందరగా ఊరు చేరాలని ముందుకు తొక్కుకుంటూ వచ్చేశాం. పిల్లలు, పెద్దవాళ్ళు వెనకబడ్డారు. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు మధ్యలో ఒంటరిగా మిగిలాడు. ట్రాక్టర్ చక్రాలు రోడ్డు మీదికి తెచ్చిన నల్లరేగడి బురదలో జారిపడి మణికట్టు విరిగింది. ఆ సమయానికి మేము హోటల్లో టీ తాగుతున్నాం. వాడు రాలేదని మాకు చాలాసేపటి దాకా తెలియలేదు. తప్పు ఎవరో బయటివాళ్ళది కాదు, మనదే.

ఈ ఏడాది రైడ్ పెట్టాలా వద్దా, పెడితే ఎలా పెట్టాలి అన్న చర్చలో ఒక తమ్ముడు అన్న మాట చాలామందికి సబబుగా తోచింది. "అన్నా, పెద్ద పెద్ద రేసుల్లో ఎవరైనా ఎవరికోసమైనా ఆగుతారా? ఎవరి బలం వాళ్ళది కదా?" ఒక పెద్దాయన మాత్రం తల అడ్డంగా ఊపి, "రేసు సంగతి నాకు తెలీదు నాయనా, గాలికి ఎదురుపోయేటప్పుడు గొర్రెలు కూడా గుంపు వదలవు" అన్నారు. చర్చ అక్కడే ఆగింది.

తమ్ముడి ప్రశ్న మంచిదే. అందుకే ఆ పెద్ద రేసుల చరిత్ర ఒకసారి తిరగేద్దాం.

ముందు, ఆ రేసులు ఏమిటి? ఒక్క రోజులో అయిపోయేవి కొన్ని. రోజుకొక అంచె చొప్పున వారాల తరబడి సాగేవి కొన్ని. ఫ్రాన్సులో టూర్ ద ఫ్రాన్స్ 1903లో మొదలైంది, ఇటలీలో జిరో 1909లో, స్పెయిన్‌లో వుయెల్తా 1935లో. ఈ మూడూ ఇప్పుడు మూడేసి వారాలు సాగుతాయి. ప్రతి అంచెలో పట్టిన సమయాన్ని కూడుతూ పోతారు. మొత్తం మీద తక్కువ సమయం ఎవరిదైతే వాళ్ళదే గెలుపు. ఆ రోజుకు ముందున్నవాడికి ఫ్రాన్సులో పసుపు జెర్సీ, ఇటలీలో గులాబీ జెర్సీ. గెలిచినవాడిగా పేరు ఒక్కడిదే ఉంటుంది, కానీ తొక్కేది జట్టు. ఇప్పుడు ఈ రేసుల్లో జట్టుకు 8 మంది, 2017 దాకా 9 మంది. అందులో ఒకడు నాయకుడు. మిగతావాళ్ళు అతనికి గాలి తగలకుండా ముందు తొక్కుతారు. కార్ల దగ్గరికి వెనక్కి వెళ్ళి నీళ్ళ సీసాలు జెర్సీలో కుక్కుకుని మోసుకొస్తారు. నాయకుడి చక్రం పాడైతే తమది ఇస్తారు.

అలాంటి సహాయకుణ్ణి ఫ్రెంచివాళ్ళు 'దొమెస్తీక్' అంటారు, అంటే ఇంటి నౌకరు. మొదట్లో అది తిట్టు. 1911లో టూర్ నిర్వాహకుడు ఆన్రీ దెగ్రాంజ్, మోరిస్ బ్రొకో అనే రైడర్ వేరేవాడికి సాయంగా తొక్కాడని కోపంతో ఆ మాట అన్నాడు. దెగ్రాంజ్ లెక్కలో రేసు అంటే ఒంటరి మనిషి బలానికి పరీక్ష, ఒకరికొకరు సాయపడటం మోసం. మన తమ్ముడి అభిప్రాయం దాదాపు అదే. కానీ రేసు ఆ దారిన నడవలేదు. తిట్టుగా పుట్టిన ఆ మాట ఇవాళ గౌరవంగా చెప్పుకునే ఉద్యోగం పేరు అయింది.

1934 టూర్‌లో రెనే వియెత్తో అనే 20 ఏళ్ళ కుర్రాడు కొండల మీద అందరికంటే చురుగ్గా ఎక్కుతున్నాడు. పసుపు జెర్సీ మాత్రం అతని జట్టు నాయకుడు ఆంతొనాన్ మాన్యది. పిరనీస్ కొండల్లో ఒక కనుమ దిగుతుండగా మాన్య చక్రం విరిగింది. వియెత్తో తన చక్రం ఊడదీసి ఇచ్చి, గోడ మీద కూర్చుని ఏడుస్తూ ఇంకో చక్రం కోసం ఎదురుచూశాడు. ఆ ఫొటో ఫ్రాన్సులో ఇప్పటికీ తలుచుకుంటారు. మరునాడు మాన్యకు మళ్ళీ ఇబ్బంది వచ్చింది. అప్పటికే ముందుకు వెళ్ళిపోయిన వియెత్తో వెనక్కి తిరిగి, దిగిన కొండ మళ్ళీ ఎక్కి వచ్చి, ఈసారి సైకిలే ఇచ్చేశాడు. ఆ టూర్ మాన్య గెలిచాడు. వియెత్తో ఐదోవాడయ్యాడు. కాబట్టి పెద్ద రేసుల్లో ఎవరూ ఎవరికోసం ఆగరు అన్నది సగమే నిజం. అవతలి జట్టు కోసం ఆగరు. తన జట్టువాడి కోసం వెనక్కి తిరిగి కొండెక్కుతారు.

ఇప్పుడు వాతావరణం సంగతి. మనకు బాగా తెలిసిన గాలితోనే మొదలుపెడదాం. ఒకడి వెనక దగ్గరగా తొక్కితే శ్రమ సుమారు మూడో వంతు తగ్గుతుంది. అద్దె సైకిళ్ళ కాలంలో స్కూలుకి వెళ్ళిన మనకు ఈ లెక్క ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఎదురుగాలిలో పెద్దన్న వీపు వెనక దాక్కునేవాళ్ళం. గాలి పక్కనుంచి వస్తే మాత్రం సరిగ్గా వెనక నీడ దొరకదు. గాలి ఎడమనుంచి వస్తుంటే, ముందువాడికి వెనక కొంచెం కుడివైపుకు జరిగి తొక్కాలి. మూడోవాడు ఇంకొంచెం కుడికి జరగాలి. అలా రోడ్డుకు ఏటవాలుగా ఒక బారు ఏర్పడుతుంది. సాయంత్రం మన పొలాల మీద వాలుగా ఎగిరే కొంగల బారు చూశారు కదా, అచ్చంగా అదే. రేసు భాషలో దాన్ని ఎషెలాన్ అంటారు.

చిక్కు ఎక్కడంటే, రోడ్డు వెడల్పు కొద్దీ ఆ బారులో 10, 15 మందికే చోటు. ఆ తర్వాతివాడు రోడ్డు అంచున, గాలికి ఒళ్ళప్పగించి తొక్కాలి. వాడి వెనకవాడూ అంతే. కాసేపటికి అక్కడ తాడు తెగినట్టు గుంపు తెగిపోతుంది. అప్పుడు తెలివైన పని ఒకటే: ముందుకు పోవాలని అందరూ కొట్టుకోకుండా, వెనక ఇంకో బారు కట్టుకుని వంతులవారీగా గాలిని కాయడం. గాలి ఎప్పుడు పక్కకు తిరుగుతుందో, ఏ మలుపు దగ్గర తిరుగుతుందో ముందే చూసిపెట్టుకున్న జట్టు, ఆ మలుపుకు ముందే తనవాళ్ళందరినీ ముందుకు చేర్చుకుంటుంది. మలుపు తిరగగానే ఒక్కసారిగా వేగం పెంచుతుంది. నిద్రపోయినవాళ్ళు వెనక తెగిపోతారు.

2013 జూలై 12న ఇదే జరిగింది. టూర్‌లో 13వ అంచె, తూర్ నుంచి సెంతమాన్‌మోంరోన్ దాకా, కొండలు లేని రోడ్డు. అందరూ తేలిక రోజు అనుకున్నారు. పక్కగాలి లేవగానే ఒమేగా ఫార్మా క్విక్‌స్టెప్ జట్టు వేగం పెంచి గుంపును ముక్కలు చేసింది. మొత్తం మీద రెండో స్థానంలో ఉన్న అలెహాంద్రో వాల్వెర్దే చక్రం సరిగ్గా అప్పుడే దెబ్బతింది. అతని జట్టువాళ్ళు వెనక్కి వచ్చి, అతన్ని ముందు గుంపుకు చేర్చడానికి ఊపిరి తెగేదాకా తొక్కారు. ముందున్న జట్లు ఆగలేదు. రోజు ముగిసేసరికి వాల్వెర్దే దాదాపు 10 నిమిషాలు పోగొట్టుకున్నాడు. ఇంకా 30 కిలోమీటర్లుండగా అల్బెర్తో కొంతదోర్ జట్టు సాక్సో మళ్ళీ ఒక్క ఉదుటున వేగం పెంచింది. పసుపు జెర్సీలో ఉన్న క్రిస్ ఫ్రూమ్ ఆ బారును అందుకోలేక 1 నిమిషం 9 సెకన్లు కోల్పోయాడు. ఫ్రూమ్‌కు బలం లేక కాదు, చివరికి ఆ టూర్ గెలిచింది అతనే. కానీ అతని జట్టు అప్పటికే 9 మందిలో ఇద్దర్ని కోల్పోయింది. పక్కన మనుషులు లేకపోతే గాలి ఎంతటివాణ్ణీ లెక్కచేయదు.

గాలి వేరు, చలివాన వేరు. గాలి సమయాన్ని తింటుంది, చలి మనిషినే తింటుంది. 1956 సంగతి చూడండి. మన రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి మారిన సంవత్సరం అది. ఆ జూన్ 8న జిరోలో మెరానో నుంచి మోంటే బోందోనే కొండ దాకా 242 కిలోమీటర్ల అంచె. రోజంతా చలివాన, చివరి కొండ మీద మంచు. ఒంటి మీద పలచని ఉన్ని జెర్సీ, పొట్టి నిక్కరు. 40 మందికి పైగా దారిలోనే రేసు వదిలేశారు. గులాబీ జెర్సీలో ఉన్న పాస్క్వాలే ఫోర్నారా కూడా దిగిపోయాడు. పొద్దున 16 నిమిషాలు వెనకబడి ఉన్న లక్సెంబర్గ్ రైడర్ షార్లీ గోల్ ఆ మంచులో ఒంటరిగా ఎక్కి అంచె గెలిచి, గులాబీ జెర్సీ తీసుకుని, ఆ జిరోనే గెలిచాడు. కొండ మీద అతన్ని సైకిల్ మీంచి దించి మోసుకెళ్ళాల్సి వచ్చింది.

ఈ కథను వీరగాథగా చెబుతారు. గోల్ గుండెబలం గొప్పదే, కాదనం. కానీ మిగతా 40 మంది సంగతి? వాళ్ళ కోసం ఆ రోజు ఒక నిబంధన లేదు, ఆపే అధికారం ఉన్న మనిషి లేడు, ముందుగా చేసుకున్న ఏర్పాటు లేదు. ఎవరికి ఏ ఇంట్లో చోటు దొరికితే ఆ ఇంట్లో దూరారు. వీరుడి ఫొటో మిగిలింది. వణుకుతూ దిగిపోయినవాళ్ళ పేర్లు మిగల్లేదు.

1971 టూర్‌లో ఎడ్డీ మెర్క్స్ అనే మహా రైడర్‌ను స్పెయిన్‌కు చెందిన లూయిస్ ఒకాన్యా చిత్తు చేస్తున్నాడు. 7 నిమిషాలకు పైగా ముందున్నాడు. జూలై 12న పిరనీస్‌లో కోల్ ద మాంతె అనే కనుమ దగ్గర ఒక్కసారిగా పిడుగులతో తుఫాను వాన. రోడ్డు వాగైంది, బ్రేకులు పట్టడం లేదు. మెర్క్స్ దిగుడులో దూకుడుగా వెళ్ళాడు. అంత ముందున్న ఒకాన్యాకు అతని వెనక పడాల్సిన అవసరమే లేదు. అయినా పడ్డాడు. ఒక మలుపులో మెర్క్స్ జారాడు, ఒకాన్యా కూడా జారి కిందపడ్డాడు. లేస్తుండగా వెనకనుంచి వచ్చిన యోప్ జోటెమెల్క్ అతన్ని గుద్దాడు. ఒకాన్యాను హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు, టూర్ అక్కడితో అయిపోయింది. మరునాడు పసుపు జెర్సీ మెర్క్స్‌దే, కానీ అతను దాన్ని వేసుకోనన్నాడు. తుఫానులో పోటీ పడినవాడికే, ఆ తుఫాను ఇచ్చినదాన్ని మరునాడే ఒంటి మీద వేసుకోవడానికి మనసు రాలేదు.

మూడో కథ 1985 వుయెల్తా. మన చర్చకు ఇది చాలా దగ్గరిది. అప్పట్లో రాబర్ట్ మిల్లర్ పేరుతో పోటీ చేసిన స్కాట్లండ్ రైడర్, ఇప్పుడు ఫిలిప్పా యార్క్, రేసు ముగియడానికి ఒక్క రోజు ముందు వరకూ మొదటి స్థానంలో ఉన్నారు. రెండోవాడు కొలంబియా రైడర్ పాచో రొడ్రీగెస్, 10 సెకన్ల వెనక. మిల్లర్ కళ్ళన్నీ అతని మీదే. ఆ రోజు మాడ్రిడ్ దగ్గరి కొండల్లో చలి, వాన, ముందు మనిషి కనబడని పొగమంచు. 6 నిమిషాలకు పైగా వెనకబడి, ఎవరూ లెక్కలో పెట్టుకోని పెద్రో దెల్గాదో ఆ మంచులో ముందుకు జారుకున్నాడు. అంచె ముగిసేది అతని సొంత ఊరు సెగోవియా దగ్గర, ప్రతి మలుపూ తెలిసిన రోడ్డు. మిల్లర్ చక్రం పంక్చరైంది. తిరిగి గుంపును అందుకున్నా, చుట్టూ తన జట్టువాడు ఒక్కడూ లేడు. దెల్గాదో ఎంత దూరం వెళ్ళిపోయాడో సమయానికి తెలియలేదు. తెలిశాక సాయం పట్టడానికి పక్క జట్లు ముందుకు రాలేదు. విదేశీయుడు గెలవకూడదని స్పెయిన్ జట్లు కూడబలుక్కున్నాయన్న ఆరోపణ ఇప్పటికీ ఉంది. చివరికి దెల్గాదో 36 సెకన్ల తేడాతో ఆ వుయెల్తా గెలిచాడు.

కుట్ర జరిగిందా లేదా అన్న సంగతి పక్కన పెడదాం. మనకు కావలసింది రెండే. పొగమంచులో మిల్లర్ పక్కన మనిషి లేడు, చెవికి వార్త లేదు. పోయిన ఏడాది మన పిల్లాడి పరిస్థితీ అదే. పక్కన మనిషి లేడు, ముందున్న మాకు వార్త లేదు.

ఇక నాలుగో కథ, మాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1988 జూన్ 5, జిరోలో 14వ అంచె, దారిలో గావియా కనుమ, ఎత్తు 2,621 మీటర్లు. అప్పటికి అక్కడ కొంత దూరం మట్టిరోడ్డే. ముందు రోజు నుంచే పైన మంచు పడుతోందని కబురు. చాలా జట్లు 'చూద్దాంలే' అనుకున్నాయి. అమెరికా నుంచి వచ్చిన సెవెన్ ఎలెవెన్ జట్టును అప్పటికి యూరప్‌లో పిల్ల జట్టు కిందే చూసేవారు. ఆ జట్టు పెద్దలు మాత్రం మంచు ఆటల సామాను అమ్మే దుకాణాలకు వెళ్ళి ఉన్ని టోపీలు, మందపాటి చేతి తొడుగులు, వెచ్చని బట్టలు కొన్నారు. ప్రతి రైడర్‌కు ఒక సంచీ కట్టి, కొండ పైభాగంలో అందించేటట్టు మనుషుల్ని పెట్టారు. వేడి టీ సిద్ధం చేశారు. చలి పట్టకుండా ఒంటికి జిడ్డు పూసుకుని రైడర్లు బయలుదేరారు.

కనుమ మీదికి మొదట చేరింది యోహాన్ వాన్ డెర్ వెల్డె, డచ్ రైడర్. పొట్టి చేతుల జెర్సీ, టోపీ లేదు. ఎక్కేటప్పుడు ఒంట్లో వేడి ఉంటుంది, ప్రమాదం దిగేటప్పుడే. తడిసిన ఒంటికి ఆ వేగంలో మంచుగాలి కొడుతుంటే వేళ్ళు బిగుసుకుపోయి బ్రేకు పట్టవు. వాన్ డెర్ వెల్డె దిగలేక ఆగిపోయాడు. ఒళ్ళు వెచ్చబడ్డాక బొర్మియో ఊరు చేరేసరికి 46 నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. కొండ మీద మొదటివాడు, కింద దాదాపు అందరికంటే వెనక. సంచీ అందుకుని బట్టలు వేసుకున్న సెవెన్ ఎలెవెన్ నాయకుడు యాండీ హాంప్‌స్టెన్ మాత్రం వణుకుతూనే దిగాడు. చివర్లో ఎరిక్ బ్రూకింక్ అతన్ని దాటి 7 సెకన్ల తేడాతో అంచె గెలిచాడు. గులాబీ జెర్సీ హాంప్‌స్టెన్‌కు దక్కింది. వారం తర్వాత ఆ జిరో గెలిచిన మొదటి అమెరికన్ అతనే.

హాంప్‌స్టెన్ ఆ జిరోను కాళ్ళతోనే గెలిచాడని ఎవరైనా అంటే సగం మాటే. మిగతా సగం ముందు చూపుతో దుకాణానికి వెళ్ళినవాళ్ళది, మంచులో నిలబడి సంచీ అందించినవాళ్ళది. మన దగ్గర వానాకాలం పొలానికి వెళ్ళేవాడికి గోనెసంచీ మడిచి చేతికి ఇచ్చి పంపే ఇంటి ఇల్లాలు చేసే పని అదే కదా.

ఇంతవరకూ జట్ల సంగతి. ఆపే అధికారం ఎవరిది అన్నది ఇంకో ప్రశ్న. దానికి 2014 చూడాలి. మే 27న జిరోలో గావియా, ఆ తర్వాత 2,758 మీటర్ల స్టెల్వియో, రెండు కనుమల మీదా మంచు. స్టెల్వియో దిగేటప్పుడు దాడులు వద్దని, ఎర్రజెండాల మోటారు సైకిళ్ళ వెనక నెమ్మదిగా దిగాలని రేసు నడుస్తుండగా ఒక వార్త వచ్చింది. కొన్ని జట్లు అది ఆజ్ఞ అనుకుని ఆగి బట్టలు మార్చుకున్నాయి. కొన్ని అలా అనుకోలేదు, దిగిపోయాయి. దిగిపోయినవాళ్ళలో నైరో కింతానా ఉన్నాడు. ఆ రోజు అంచె గెలిచి, గులాబీ జెర్సీలో ఉన్న రిగొబెర్తో ఉరాన్‌కు 4 నిమిషాలకు పైగా తేడా చూపించి, జిరో కూడా గెలిచాడు. తర్వాత నిర్వాహకులు దిగుడులో రేసు ఆపామని తాము చెప్పలేదన్నారు. రోజుల తరబడి గొడవ. కింతానా మోసం చేశాడా? మా అభిప్రాయంలో లేదు. ఉరాన్ తప్పు చేశాడా? అదీ లేదు. మంచు పడుతుండగా నిబంధన రాయబోయారు, తప్పు అక్కడే ఉంది. ఒకే మాట ఇద్దరికి రెండు రకాలుగా చేరింది.

మంచే కాదు, మన ఎండ లాంటిదీ ఉంది. 2015 ఫిబ్రవరిలో ఒమన్ టూర్‌లో ఒక అంచెకు మొదట ఇసుక తుఫాను అడ్డొచ్చింది, తర్వాత ఎండ. కాలిన రోడ్డు మీద దిగుడులో బ్రేకుల వేడి కూడా తోడై టైర్లు పేలడం మొదలైంది. రైడర్లు తొక్కమని ఆగిపోయారు, ఆ అంచె రద్దయింది. వైశాఖంలో రాయచూరు సీమ రోడ్డు మీద చెప్పు లేకుండా నిలబడ్డవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇలాంటివన్నీ చూశాక ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2016 నుంచి తీవ్ర వాతావరణ నియమావళిని అమలులోకి తెచ్చింది. గడ్డకట్టే వాన, రోడ్డు మీద మంచు, బలమైన గాలి, మితిమీరిన చలి లేదా ఎండ, చూపు ఆనకపోవడం, గాలి కాలుష్యం, వీటిలో ఏదైనా ఎదురైతే నిర్వాహకులు, రైడర్ల ప్రతినిధి, జట్ల ప్రతినిధి, డాక్టరు, రేసు అధికారులు కూర్చుని మాట్లాడుకోవాలి. దారి మార్చవచ్చు, అంచె కుదించవచ్చు, రద్దు చేయవచ్చు. ఆ మార్చిలోనే పారిస్–నీస్ రేసులో మంచు వల్ల ఒక అంచెను మధ్యలోనే రద్దు చేశారు.

2019 జూలై 26న టూర్‌లో పెద్ద పరీక్ష వచ్చింది. రైడర్లు 2,770 మీటర్ల ఇజెరాన్ కనుమ దాటి దిగుతుండగా, ముందు లోయలో వడగళ్ళ వాన పడి కొండచరియలు రోడ్డు మీదికి జారాయి. నిర్వాహకులు రేసు ఆపేశారు. ముందు తొక్కుతున్నవాళ్ళకు రేడియోలో చెప్పారు, కార్లు పక్కకు తెచ్చి చెప్పారు. కనుమ మీద ఎవరు ఎంత ముందున్నారో ఆ సమయాలనే లెక్కలోకి తీసుకున్నారు. పసుపు జెర్సీ ఫ్రాన్సు ముద్దుబిడ్డ జూలియన్ అలఫిలిప్ నుంచి కొలంబియాకు చెందిన 22 ఏళ్ళ ఎగాన్ బెర్నాల్‌కు మారింది. ఆ అంచెకు విజేతే లేడు. ఆ రోజు ఫ్రాన్సులో ఎంతమంది మనసు విరిగిందో చెప్పలేం. కానీ ఆ కొండచరియల కింద ఒక్క మనిషీ చిక్కుకోలేదు. నిర్ణయించాల్సినవాళ్ళు ఎవరో ముందే తెలుసు కాబట్టి నిర్ణయం నిమిషాల్లో జరిగింది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు తిరిగి వద్దాం. పెద్ద రేసుల్లో ఎవరూ ఎవరికోసం ఆగరా? అవతలి జట్టు కోసం ఆగరు, నిజమే. మరి మన ఆదివారం రైడ్‌లో అవతలి జట్టు ఎవరు? మనం ఎవరి మీద గెలవాలని అంత వేగంగా తొక్కాం? ఆ రోజు రోడ్డు మీద ఉన్నదంతా ఒకే జట్టు. ముందు వచ్చేసిన మేము గెలిచినవాళ్ళం కాదు, జట్టును తెంచుకుని వచ్చినవాళ్ళం.

అందుకని ఈ ఏడాది రైడ్ మానొద్దు అన్నది మా మాట. మానితే పోయేది భయం కాదు, అలవాటు. కానీ బయలుదేరకముందే ఐదు సంగతులు తేల్చుకుందాం.

ఒకటి, గాలి లేస్తే బలమున్నవాళ్ళు గాలి వచ్చే వైపు వంతులవారీగా తొక్కాలి, పిల్లలూ పెద్దవాళ్ళూ వాళ్ళ చాటున ఉండాలి. పెద్ద వాహనాలు తిరిగే రోడ్డు కాబట్టి ఒకే వరసలో, ఎడమ అంచునే. కొంగల బారు చూడటానికి బాగుంటుంది, మన రోడ్డు మీద వద్దు.

రెండు, చివరి మనిషి ఎవరో ముందే పేరు చెప్పాలి. అతని వెనక ఎవరూ ఉండకూడదు. ఆ పని బలహీనుడికి కాదు, అందరికంటే బాగా తొక్కేవాడికి ఇవ్వాలి. వియెత్తోకు ఇచ్చినట్టు.

మూడు, వెనక వచ్చే ఆటోలో ప్రతి ఒక్కరి సంచీ ఉండాలి. పొడి చొక్కా, తువ్వాలు, వాన కోటు. ఫ్లాస్కులో టీ కూడా.

నాలుగు, ఆపాలా వద్దా అని చెప్పేది ముగ్గురు, అందులో ఒకరు ఆడవాళ్ళు ఉండాలి. వాళ్ళు ఆపమంటే వాదన ఊరికి వచ్చాకే.

ఐదు, వార్త ఒక్కరి ఫోన్ నుంచే రావాలి. స్టెల్వియో మీద జరిగినట్టు తలా ఒక మాట అయితే ఏ మాటా నిలవదు.

పిల్లాడి మణికట్టు అతుక్కుంది. మొన్న బజార్లో కనబడి, "ఈసారి కూడా పోదామా మామా?" అని అడిగాడు. 'మీరు ఆగుతారా' అని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్ళమో మాకే తెలీదు. ఇప్పుడు చెప్పగలం అనుకుంటున్నాం.

ఈ ఐదింటిలో ఏది తీసేయాలో, ఏది చేర్చాలో కింద రాయండి. వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు ఎప్పటి చోటే కలుద్దాం, ఆషాఢం రాకముందే తేల్చుకుందాం. వచ్చేటప్పుడు సైకిల్‌కు గాలి కొట్టించుకుని రండి.